గంగమ్మ వాటా

ఆశ్వయుజ బహుళ విదియ. మూడో గండి. మూత: ఉదయం 10:48. దాటినవారు 14. తిరిగొచ్చినవారు 14.

పై వరస మిషను కోసం. పేజీ నిండగానే గుడిసె చూరుకున్న కెమెరా కింద పెడతాను. అది పై వరస చదువుకుని ఊరుకుంటుంది, కిందికి చూడదు. అందుకని పదకొండేళ్ళుగా పైన నీళ్ళ సంగతి, కింద నా సంగతి రాస్తున్నాను. ఇంతవరకు ఎవరూ చదవలేదు. చదివి ఉంటే నా నోటి దురుసుకి ఈ ఉద్యోగం ఎప్పుడో ఊడిపోయేది.

పొద్దున నా కయాక్ పడవ బోర్లించి అడుగున పట్టిన గుల్లలు గీకాను. మంచినీళ్ళ క్యాను తెచ్చుకున్నాను. పోటు నిండే వేళకి పెద్దకట్ట మొండి చివరికి వెళ్ళి నిలబడ్డాను. సముద్రాన్ని ఆపుతామని కట్టిన కట్ట తెగి పంతొమ్మిదేళ్ళు. ఐదు చోట్ల తెగింది, ఐదు గండ్లకి ఐదుగురం కాపలా. లోపల మునిగిన కొబ్బరితోటలూ మేడలూ, బయట సముద్రం. ఇంజన్లు నిషేధం కాబట్టి అటూ ఇటూ తెడ్డే గతి. ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళం బతుకుతెరువు కోసం తెడ్డేస్తాం, పోగొట్టుకోనివాళ్ళు సరదా కోసం వేస్తారు.

నా పని తేలికే. కొబ్బరి పీచు ముక్క ఒకటి నీళ్ళలో వేస్తాను. పోటు పూర్తిగా నిండినప్పుడు అది వేసిన చోటే పడుకుంటుంది. ఆ కాసేపు గండి పెరట్లో నీళ్ళతొట్టిలా ఉంటుంది, పసిపిల్లయినా దాటొచ్చు. తర్వాత పీచు బయటికి కదులుతుంది. నేను పది లెక్కపెట్టేలోపు అది ఎర్రరంగు వేసిన రాయి దాకా చేరిందంటే మూత. ఇక పాతిక ఊళ్ళ మీద నిలిచిన నీళ్ళన్నీ ఈ నలభై బారల సందులోంచే సముద్రంలో పడాలి. పగిలిన కాంక్రీటు మీదుగా, ఇనుప చువ్వల మధ్యగా పడతాయి. అప్పుడు దిగినవాణ్ణి వెతకడం కూడా దండగే.

మధ్యాహ్నం ఈ గండ్లు నడిపే కంపెనీ నుంచి వైశాలి మేడం వచ్చింది. ఇద్దరి కయాక్‌లో వెనక సీట్లో కూర్చుని వచ్చింది, తెడ్డు ముట్టుకోలేదు. మర్యాదగల పిల్లే. ఒకటే అడిగింది. కట్ట ఒకటే, పోటు ఒకటే, మిగతా నాలుగు గండ్లూ మీ కన్నా అరగంట ముందే ఎందుకు మూస్తున్నారూ అని.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరెప్పుడు మంచిదై ఏడ్చింది కనక.

చెప్పేశాను. వాళ్ళంతా గంగమ్మ వాటా తీస్తారని, నేనొక్కదాన్నే తియ్యనని. వెనకటి రోజుల్లో వలలో పడిన మొదటి చేపని మళ్ళీ నీళ్ళకే వదిలేవారు. గండి కాపలావాళ్ళకి చేపలెక్కడివి, ఉన్నది టైమొక్కటే. అందుకని టైములో అటూ ఇటూగా అరగంట వదులుతారు. పదీ నలభై ఎనిమిదికి మూత పడితే పదీ పద్దెనిమిది అని రాస్తారు. ఆ తర్వాత నీళ్ళు అద్దంలా ఉన్నా ఎవర్నీ దిగనివ్వరు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎవరూ తప్పనుకోలేదు.

మేడం అంతా విని, మీలాంటివాళ్ళు అరుదండీ అంది. నాకు లోపల పొంగిపోయింది. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఈ లాగ్‌బుక్కుకే అవమానం.


బహుళ చవితి. మూత: మధ్యాహ్నం 12:25. దాటినవారు 9. తిరిగొచ్చినవారు 9.

నేనెందుకు వాటా తియ్యనో మేడం అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

పన్నెండేళ్ళ కిందట నా భర్త సూరిబాబుకి గుండెనొప్పి వచ్చింది. బయట ఇసుక తిప్ప మీద ఉన్నాం. ఆసుపత్రి పడవ లోపలి వైపు ఆగి ఉంది. ఇదే గండి. అప్పుడు కాపలా మా చిన్నాన్న. సొంత చిన్నాన్నే, చెయ్యి అడ్డంపెట్టి గండి మూసేశానమ్మా అన్నాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, అరగంట సేపు నీళ్ళు కదల్లేదు. గంగమ్మ తన వాటా అరగంటా హాయిగా తినేసి తర్వాత లేచింది. మళ్ళీ గండి తెరుచుకోవడానికి ఆరుగంటలు. సూరిబాబుకి అంత సమయం లేదు.

చిన్నాన్న మరుసటేడు మంచం పట్టాక కాపలా పని అడిగి తీసుకున్నాను. ఒక్క నిమిషం ఎక్కువా రాయను, తక్కువా రాయనని ఒట్టేసుకున్నాను. రాయలేదు.


అమావాస్య. మూత: ఉదయం 9:14. దాటినవారు 11. తిరిగొచ్చినవారు 11.

కంపెనీవాళ్ళు చేతిపట్టీలు పంపారు. తెడ్డేసే ప్రతివాడి మణికట్టుకీ ఒకటి. పచ్చగా వెలిగితే గండి తెరిచినట్టు, ఎర్రగా మారితే మూత. ఇక కాపలావాళ్ళు ఎవర్నీ ఆపకూడదట, లాగ్‌బుక్కు రాస్తే చాలట.

ఈ రోజు 9:14కి నా పీచు ఎర్రరాయి దాటింది. పట్టీ పచ్చగానే ఉంది. 9:20కి గండిలో నురుగు లేచింది. పచ్చగానే ఉంది. 9:30కి చువ్వల మీద నీళ్ళు గొంతెత్తాయి, పక్కనున్న మనిషి మాట వినపడదు. పచ్చగానే ఉంది. 9:44కి ఎర్రబడింది.

సరిగ్గా అరగంట. మొండి మీదే కూర్చుని వేళ్ళ మీద మళ్ళీ లెక్క వేశాను.

కాపలావాళ్ళు అరగంట తక్కువ రాస్తున్నారని తెలిసిపోయింది కదా, మిషను ఐదు గండ్ల లెక్కకీ తలో అరగంట కలిపేసింది. నాలుగు గండ్లకి అది నిజం టైము. నా గండికి చావు టైము. తీసినవాళ్ళకి కలిపితే సరిపోయింది. తియ్యనిదాన్ని నేనొక్కదాన్నే.

రేడియోలో వైశాలి మేడాన్ని పట్టుకున్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నూకరత్నం గారూ, ఈ వారంలో మీతో కలిపి ఐదుగురు కాపలావాళ్ళూ రేడియోలో పిలిచారు, ఐదుగురూ మేం నిజమే రాశామనే అంటున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. మరి నా టైము వాళ్ళతో కలవదు కదండీ అని నేనంటే, మీ గండి లోతెక్కువట, అందుకే ఆలస్యంగా మూస్తుందని ఇంజనీర్లు తేల్చారంది. ఆ ఇంజనీర్లలో ఒక్కడు ఈ నీళ్ళలో కాలు పెట్టాడో లేదో గంగమ్మకే తెలియాలి.


కార్తీక శుద్ధ విదియ. మూత: ఉదయం 10:50. దాటినవారు 8. తిరిగొచ్చినవారు 8.

మునిగిన రైసుమిల్లు మేడ మీద కాపలావాళ్ళంతా చేరారు. నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. గండి దాటి బయటి దారిన పోయాను. కట్టకి బయటి వైపు తీరం మాకెవరికీ లొంగదు. చచ్చిన సరుగుడు మానులు నీళ్ళలో బారులు తీరి ఉంటాయి, కెరటం వాటి మధ్య దూరి ఎటు నుంచి తిరిగొస్తుందో చెప్పలేం. కయాక్‌లో తెలివంతా తుంటిలో ఉంటుంది. కెరటం పక్క నుంచి వస్తే దాని వైపే వాలాలి. భయపడి అవతలికి ఒరిగామా, బోల్తా. ఒక తాబేలు తలెత్తి నన్ను చూసి మునిగింది. దానికి ఏ పట్టీ లేదు.

మేడ మీద ఎవరూ కూర్చోమనలేదు. మాట్లాడింది ధనరాజొక్కడే. మా చిన్నాన్న కొడుకు, నా కన్నా మూడేళ్ళు చిన్న. రెండో గండి కాపలా. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచిన చేతులివి.

"అక్కా, మేం రాసింది అబద్ధం కాదే. అది గంగమ్మ సొమ్ము. ఆవిడ వాటా తీసుకెళ్ళి కంపెనీ నోట్లో పోసేశావు."

మీ నాన్న ఆ వాటా కోసం నా మొగుణ్ణి చంపాడన్నాను. అందరి ముందూ అనేశాను. వాడు తల దించుకుని తెడ్డు మీద ఎండిన ఉప్పుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. నేను దిగి వచ్చేశాను.


శుద్ధ పంచమి. మూత: మధ్యాహ్నం 12:50. (తిరస్కరించబడింది.) మూత: 1:20. దాటినవారు 6. తిరిగొచ్చినవారు 6.

పైన కొట్టివేత ఎందుకుందంటే, ఈ రోజు జీవితంలో మొదటిసారి దొంగలెక్క రాశాను. మూత పడింది ఒంటిగంట ఇరవైకి. పన్నెండూ యాభై అని రాశాను. వాళ్ళు అరగంట కలుపుతారు కదా, నేనే ముందు అరగంట తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఒట్టు గట్టున పెట్టి, రాసి కెమెరా కింద పెట్టాను.

మిషను పేజీ ఒప్పుకోలేదు. ఈ కాపలాదారు పదకొండేళ్ళ రాతతో ఈ అంకె పొసగడం లేదు, దయచేసి సరిచూసి రాయండి అంది. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ దయచేసి అంది.

మిగతావాళ్ళు ఓ రోజు ఇరవై నిమిషాలూ ఓ రోజు నలభై నిమిషాలూ తీసేవారు, వాళ్ళు ఏం రాసినా మిషను మింగుతుంది. నేను నిమిషం తేడా లేకుండా రాశాను కాబట్టి నా అబద్ధం ఒక్కటే దానికి గొంతు దిగదు. చివరికి నిజమే రాసి ఊరుకున్నాను. నా నిజమే నాకు గుదిబండ అయింది.


శుద్ధ చతుర్దశి. మూత: ఉదయం 8:30. దాటినవారు 16. తిరిగొచ్చినవారు 16.

వారంగా మూత పడగానే మొండి మీద ఎర్రచీర ముక్క ఊపుతున్నాను. కొందరు ఆగుతున్నారు, కొందరు చేతిపట్టీ చూపించి నవ్వుతున్నారు. నిన్న ఒకాయన గండిలో అడ్డం తిరిగి, అదృష్టం బాగుండి ఒడ్డున పడ్డాడు. పైకొచ్చి నేను చీర ఊపడం వల్లే బెదిరానని నా మీదే ఫిర్యాదు రాశాడు. మళ్ళీ ఊపితే గుడిసె ఖాళీ చేయిస్తామని పొద్దున కంపెనీ కాగితం వచ్చింది.

రెండో గండి ఇసుక మేటేసి పూడిపోయింది. అందుకని ధనరాజుని నా గండికి గైడుగా వేశారు. ఈ రోజే మొదటిసారి అతిథుల గుంపుని తీసుకొచ్చాడు. నన్ను పలకరించలేదు. గుంపుని లోపలికి చేర్చి, పట్టీ ఇంకా పచ్చగా ఉండగానే మొండి ఎక్కి వచ్చి, నా బుట్టలోంచి పీచు ముక్క తీసి నీళ్ళలో వేశాడు. పైకే లెక్కపెట్టాడు. ఆరు దగ్గరే పీచు ఎర్రరాయి దాటింది. మళ్ళీ ఒకటి వేశాడు. ఐదు.

వాడి ముఖం చూశాను. అచ్చం చిన్నాన్న ముఖమే.

"ఆ రోజు మా నాన్న అరగంట ఆపాడు" అన్నాడు. "ఇప్పుడు నేను ఆపుతాను. నా గుంపు నీ పీచు లెక్కనే నడుస్తుంది. లైసెన్సు పీక్కుంటే పీక్కోనీ."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నీకు లైసెన్సు ఎవడిచ్చాడ్రా అసలు అన్నాను. నవ్వాడు. వాడి భార్య మరిడమ్మ కట్టిచ్చిన ఎండునెత్తళ్ళ కూరా అన్నం ఇద్దరం తిన్నాం. పన్నెండేళ్ళ తర్వాత వాడితో కలిసి తినడం ఇదే. రేపు పౌర్ణమి, పోటు బలంగా ఉంటుంది, జాగ్రత్తన్నాను. గుంపుని తొమ్మిదింటికల్లా లోపల పడేస్తానన్నాడు.


కార్తీక పౌర్ణమి. మూత: ఉదయం 9:17. దాటినవారు 7. తిరిగొచ్చినవారు 6.

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

ఆరుగురు అతిథులతో ధనరాజు ఏడున్నరకి బయటికెళ్ళాడు. ఎనిమిదీ ముప్పావుకి తిప్ప నుంచి బయల్దేరదీశాడు. నలుగురు వాడి వెనకే వచ్చారు. ఇద్దరు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ, ఇదిగో వస్తున్నాం అంటూ తిప్ప మీదే ఆగిపోయారు. తొమ్మిదీ ఐదుకి వాడు నలుగురినీ లోపలికి చేర్చి వెనక్కి చూస్తే గండిలో ఎవరూ లేరు. మొండి ఎక్కి నా పక్కన నిలబడి కేకేశాడు. ఆ అమ్మాయి దూరం నుంచి చెయ్యెత్తి మణికట్టు చూపించింది. పచ్చ.

9:17కి పీచు వేశాను. ఇద్దరం కలిసే లెక్కపెట్టాం. మూత. నేను ఎర్రచీర ఊపాను, వాడు చొక్కా విప్పి ఊపాడు. అప్పుడు బయల్దేరారు వాళ్ళు, మేం రమ్మంటున్నామనుకుని.

గండి మొగ దాకా రావడానికి వాళ్ళకి పావుగంట పట్టింది. అప్పటికి నీళ్ళు మెట్టులా విరిగి పడుతున్నాయి. అమ్మాయి కయాక్ ముక్కు ఎత్తి, అడ్డం తిరిగి, బోల్తా పడింది. నాకున్నది ఒక్కటే తాడు, విసిరాను. పట్టుకుంది. తాడు నా నడుముకి చుట్టుకుని రాయికి కాళ్ళు తన్ని లాగుతున్నాను. అబ్బాయి చువ్వల దగ్గర ఒక కాంక్రీటు దిమ్మని కౌగిలించుకుని ఉన్నాడు.

ధనరాజు కయాక్‌లో కూర్చున్నాడు. దిగే ముందు బుట్టలోంచి పీచు ముక్క తీసి వేశాడు. అది మూడు లెక్కపెట్టేలోపే మాయమైంది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"తాడు వదలకే అక్కా" అన్నాడు.

9:36.

అలాంటి తెడ్డు నేను మళ్ళీ చూడను. ప్రవాహానికి ఎదురెళ్ళలేదు, దానితోపాటే జారుతూ ముక్కు ఏటవాలుగా పెట్టి దిమ్మ వెనక నిలకడ నీళ్ళలోకి ఒక్క వేటులో దూరాడు. అబ్బాయిని జాకెట్ పట్టి దిమ్మ మీదికి నెట్టాడు. నెట్టిన ఊపుకి వాడి కయాక్ వెనక్కి జరిగి తోక ప్రవాహంలో పడింది. అంతే. అడ్డంగా తిరిగి రెండు పలకల మధ్య ఇరుక్కుంది, దాని మీదుగా నీళ్ళు కప్పేశాయి. నా చేతుల్లో తాడుంది. తాడు చివర అమ్మాయి ఉంది. వదలకే అన్నాడు.

నేను వదల్లేదు.

అబ్బాయి దిమ్మ మీదే కూర్చుని ఉండగా, ఆటు పూర్తయి నీళ్ళు ఆగాక వెళ్ళి తెచ్చాం. అప్పటికి ధనరాజు అక్కడ లేడు.


బహుళ ద్వాదశి. మూత: ఉదయం 6:50. దాటినవారు 0.

మూడోనాడు మడచెట్ల వేళ్ళ మధ్య దొరికాడు. నిన్న పెద్దకర్మ అయింది.

కంపెనీ విచారణ కూడా అయింది. నేను వెళ్ళి 9:17 అని చెప్పాను, రాసుకున్నారు. గుడిసె తీసేస్తారనుకున్నాను, తియ్యలేదు. పట్టీ ప్రకారం గండి 9:47 దాకా తెరిచే ఉందట. పట్టీ లెక్క అత్యంత నమ్మకమైన కాపలాదారు రికార్డు మీద కట్టిందట. ఆ కాపలాదారుని నేనే. గైడు ఇద్దరిని వెనక వదిలి రావడమే తప్పని తేల్చారు. ఏ తప్పూ లేకపోయినా ఇకనుంచి అన్ని గండ్లూ అరగంట ముందు మూస్తారట. దాని పేరు భద్రతా వ్యవధి. పేరు మార్చి గంగమ్మ వాటా గంగమ్మకే ఇచ్చారు. ఇప్పుడు నా గండికి నిజం టైము పడుతోంది. ధనరాజు పోయాక.

పొద్దున మరిడమ్మ వచ్చింది. ఒక్కతే తెడ్డేసుకుని వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగలేదు. నా మంచం మీద కూర్చుని గండి వైపు చూసింది.

"ఒక్కటే అడుగుతాను వదినా" అంది. "గండి తెరిచే ఉందని కంపెనీ అంటోంది. మూసేశాక తెలిసే దిగాడని మనోళ్ళు అంటున్నారు. కంపెనీ మాట నేను నమ్మను. మనోళ్ళు ఏ టైము చెప్పినా అరగంట అటో ఇటో ఉంటుంది, ఆ ఇంటి కోడల్ని, నాకు తెలీదా. నువ్వు చెప్పు. తిరిగొస్తాననుకునే దిగాడా? నన్నొదిలేసి పోతున్నానని తెలిసే దిగాడా?"

చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే నిజం. ఆ నిజం చెబితే, తన మొగుడు ముక్కూ మొహం తెలియని కుర్రాడి కోసం తనని కాదనుకున్నాడని ఈ మనిషి బతికినన్నాళ్ళూ రోజూ వండుతూ, ఉతుకుతూ తలుచుకోవాలి. చెప్పకపోతే కంపెనీ చెప్పిన అబద్ధానికి నేను సాక్షిని.

గండి తెరిచే ఉందే అన్నాను. ఇంకా పది నిమిషాలుంది, ఇట్టే వచ్చేస్తానని నవ్వుతూ దిగాడు, ఉన్నట్టుండి కెరటం లేచింది అన్నాను. విచారణలో వేరే చెప్పావటగా అంటుందేమోనని చూశాను. అనలేదు. కంపెనీ మీద కసికొద్దీ అక్కడ అలా చెప్పానని తనే అనుకుందేమో.

చెంబు అందుకుని నీళ్ళు తాగింది.

"నువ్వు చెప్పావంటే నిజమే వదినా" అంది. "నువ్వు అరగంట కలపవు, తియ్యవు."

ఆమె కయాక్ మడచెట్ల వెనక్కి మలుపు తిరిగేదాకా ఒడ్డునే నిలబడ్డాను. పదకొండేళ్ళ నా నిజమంతా ఆ ఒక్క అబద్ధం చెల్లడానికి సరిపోయింది.

కింది వరసలు ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. పౌర్ణమి నాడు మూత 9:17. నా తమ్ముడు దిగింది 9:36. తెలిసే దిగాడు.